డాక్టర్ సూస్ చిన్నతనం మీద బొమ్మల పుస్తకం, ఏడేళ్ల పిల్లకి ఎంతవరకు చెప్పొచ్చు?

రాజమండ్రి_జెర్సీ

అందరికీ నమస్తే అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా పాపకి ఏడేళ్లు, సెకండ్ గ్రేడ్. వాళ్ల స్కూల్లో వాక్స్ మ్యూజియం అని పెడుతున్నారు, ఇక్కడ పిల్లలున్నవాళ్లకి తెలిసే ఉంటుంది, ఒక్కొక్కళ్లు ఒక్కో ఫేమస్ మనిషిలా డ్రెస్ వేసుకుని మైనపు బొమ్మలా కదలకుండా నిలబడాలి, పేరెంట్స్ వచ్చి ముందున్న కాగితం బటన్ నొక్కితే అప్పుడు నేను ఫలానా అని ఒక నిమిషం మాట్లాడాలి. మా పాప డాక్టర్ సూస్ కావాలంది, పిల్లల పుస్తకాలు రాసి బొమ్మలు కూడా తనే వేసుకున్న అమెరికన్ రచయిత. టీచర్ పెట్టిన రూల్ ఏంటంటే ఆ మనిషి చిన్నతనంలోంచి కనీసం మూడు సంగతులు చెప్పాలి.

లైబ్రరీలో ది బాయ్ ఆన్ ఫెయిర్‌ఫీల్డ్ స్ట్రీట్ అనే పుస్తకం దొరికింది. కాథ్లీన్ క్రల్ రాసింది, 2004లో వచ్చింది, పేజీ నిండా పెయింటింగులు స్టీవ్ జాన్సన్, లూ ఫాంచర్ వేశారు, మధ్యమధ్యలో సూస్ సొంత బొమ్మలు కూడా చిన్నవి పెట్టారు. చాలా అందంగా ఉంది. రోజూ రాత్రి ఇంగ్లీషులో ఒక పేజీ చదివి మళ్లీ తెలుగులో చెప్తున్నా, ఎందుకంటే మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి ఉంది, ఆవిడ కూడా పక్కన కూర్చుని వింటోంది.

మొదట్లో హాయిగా సాగింది. మసాచుసెట్స్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో 1904 మార్చి 2న పుట్టాడు, అసలు పేరు థియోడర్ సూస్ గైసెల్, ఇంట్లో టెడ్ అనేవాళ్లు. ఊళ్లో ఫారెస్ట్ పార్కులో జూ ఉండేది, అక్కడ జంతువుల్ని చూసొచ్చి ఇంటి గోడల మీద గీసేసేవాడట, వాళ్లమ్మ ఏమీ అనేది కాదట. అది విని మా పాప నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది.

తర్వాత వచ్చాయి నా ఇబ్బందులు. ఒకటి, వాళ్ల కుటుంబానిది బీరు ఫ్యాక్టరీ. స్కూల్లో ఆ మాట చెప్పించాలా వద్దా? రెండోది ఇంకా కష్టం. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో వీళ్లు జర్మన్ వాళ్లు అని ఊళ్లో పిల్లలు ఆ అబ్బాయిని ఏడిపించేవాళ్లు. నేను కొంచెం ఇంటర్నెట్‌లో కూడా చదివా, బొగ్గు ముక్కలు విసిరేవాళ్లని ఉంది. అది చెప్పగానే మా పాప "కానీ అతను పుట్టింది ఇక్కడే కదమ్మా?" అంది. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. తను పుట్టింది కూడా ఇక్కడే.

మూడోది, పుస్తకం ఆయనకి 22 ఏళ్లు వచ్చేదగ్గర ఆగిపోతుంది, అప్పటికి పిల్లల పుస్తకం ఒక్కటి కూడా రాయలేదు. చివర్లో మిగతా జీవితం గురించి విడిగా ఇచ్చారు గానీ అసలు కథ అయితే అక్కడితో ఆగింది. 2021లో ఆయన పుస్తకాలు ఆరింటిని, వేరే దేశాలవాళ్లని అవమానించేలా బొమ్మలున్నాయని, ఆయన పుస్తకాల హక్కులు చూసుకునే సంస్థ వాళ్లే ప్రింటు ఆపేశారు. చిన్నతనం ముద్దుగా చెప్పి అక్కడితో పుస్తకం మూసేస్తే పిల్లకి అబద్ధం చెప్పినట్టేమో అనిపిస్తోంది. మీరైతే ఏం చేస్తారు?

మసాచుసెట్స్_మామ్మ

అమ్మా, నేను ఆ ఊరికి గంటన్నర దూరంలో మా అబ్బాయి దగ్గర ఉంటాను. మనవలని తీసుకుని రెండుసార్లు వెళ్లాను. స్ప్రింగ్‌ఫీల్డ్ అనగానే మనవాళ్లు బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లి వచ్చేస్తారు (బాస్కెట్‌బాల్ పుట్టింది ఆ ఊళ్లోనే, 1891లో), కానీ అక్కడే డాక్టర్ సూస్ మ్యూజియం ఉంది, 2017లో తెరిచారు. బయట తోటలో ఆయన బొమ్మలన్నీ పెద్ద కంచు విగ్రహాలుగా ఉంటాయి, చేసింది ఆయన సవతి కూతురే. మా చిన్న మనవడు ఏనుగు విగ్రహం దగ్గర్నుంచి కదలనన్నాడు. పైన ఆయన కూర్చుని గీసుకున్న బల్ల, సామాన్లు ఉన్నాయి.

నీకు మూడు సంగతులు కావాలి కదా, నేను ఒకటి ఇస్తాను, వాళ్లమ్మగారి సంగతి చెప్పించు తల్లీ. ఆవిడ పేరు హెన్రియెట్టా, సూస్ అనేది ఆవిడ పుట్టింటి పేరు. పెళ్లి కాకముందు వాళ్ల నాన్న బేకరీలో కూర్చుని పైలు అమ్మేది. పై అంటే పళ్లు అవీ కూరి కాల్చే వంటకం, మీ అమ్మగారికి కజ్జికాయకి పెద్దక్కలాంటిదని చెప్పు. ఏ రోజు ఏ పైలు ఉన్నాయో కొనేవాళ్లకి ఒక లయగా పాటలా చదివేదట, తర్వాత పిల్లలు పుట్టాక వాళ్లని నిద్రపుచ్చడానికి అదే పాట. నా రాతలో ఆ నడక మా అమ్మ దగ్గర్నుంచే వచ్చిందని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నారు. లోకమంతా తలుచుకునే పేరు కూడా అమ్మ పుట్టింటిదే. నాకు ఆ సంగతి తెలిసినప్పుడు కళ్లు చెమర్చాయి.

ఇంకోటి, ఆవిడ కొనిచ్చిన గుడ్డ కుక్కపిల్ల ఒకటి ఉండేది, దానికి థియోఫ్రాస్టస్ అని పేరు పెట్టుకున్నాడు, చనిపోయేదాకా (1991లో పోయారు) తన దగ్గరే ఉంచుకున్నారు. మీ పాప చేతిలో ఒక గుడ్డ కుక్క పెట్టు. అందరూ ఆయన పుస్తకంలో పిల్లి పెట్టుకునే ఎరుపు తెలుపు టోపీ పెట్టుకుని వస్తారు, అది పిల్లిది కదా, ఆ అబ్బాయిది కాదు.

నెల్లూరు_చేపలపులుసు

బీరు సంగతి గురించి మాత్రం చెప్తాను అక్కా. దాచొద్దు. తాతగారు జర్మనీ నుంచి వచ్చి 1876లో ఇంకొకాయనతో కలిసి పెట్టిన ఫ్యాక్టరీ అది, దొంగ సారా కాదు, ఊళ్లో పేరున్న వ్యాపారం. 1920లో అమెరికా అంతా మద్యనిషేధం వచ్చి మూతపడింది. వాళ్ల నాన్నకి పగ్గాలు చేతికొచ్చింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, ఒక్క చట్టంతో ఇంట్లో పని లేకుండా పోయింది. తర్వాత ఆయన ఊరి పార్కుల సూపరింటెండెంట్ అయ్యారు, పాప చెప్పే జూ కూడా దాని కిందకే వస్తుంది.

మీ అమ్మగారికి అయితే ఒక్క ముక్కలో అర్థమవుతుంది, 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టినట్టు అని చెప్పండి చాలు. మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద చేసిన పోరాటం ఆవిడకి గుర్తుండే ఉంటుంది. మన వైపు ఆ కథ సారా వల్ల ఇల్లు గుల్లయినవాళ్ల వైపు నుంచి వింటాం, ఇది ఆ వ్యాపారం మీద బతికిన ఇంటి వైపు నుంచి. రెండూ నిజాలే కదా. పాప అయితే "మా నాన్న ఫ్యాక్టరీ మూతపడింది" అంటే చాలు, ఏం ఫ్యాక్టరీ అని అడిగినవాళ్లకి చెప్తుంది.

కథ_కంచికి

నేను కొంచెం గట్టిగా చెప్తాను, ఏమనుకోకండి. మీ పాప అడిగిన ప్రశ్న ఉంది చూశారా, అతను పుట్టింది ఇక్కడే కదా అని, ఈ మొత్తం జీవితానికి తాళం చెవి అదే. దాన్ని దాటేసి గోడ మీద బొమ్మలు, జూ అని చెప్పేస్తే చాలా నష్టం.

1918 సంగతి చూడండి. అప్పటికి టెడ్‌కి 14 ఏళ్లు, బాయ్ స్కౌట్. యుద్ధం బాండ్లు, అంటే యుద్ధ ఖర్చుకి ప్రభుత్వం జనం దగ్గర తీసుకునే అప్పు పత్రాలు, ఇంటింటికీ తిరిగి అమ్మాలి, ఎక్కువ అమ్మినవాళ్లకి మెడల్. వాళ్ల జర్మన్ తాతగారే వెయ్యి డాలర్ల బాండ్లు కొన్నారు మనవడి దగ్గర. మనం కూడా ఈ దేశం వాళ్లమే అని చూపించుకోవాలని ఆ ఇంటికి ఎంత తపన ఉండుంటుందో ఆలోచించండి, అప్పట్లో వెయ్యి డాలర్లంటే మాటలు కాదు. మెడల్స్ ఇవ్వడానికి మాజీ ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ వచ్చాడు. స్టేజి మీద పది మంది పిల్లలు, మెడల్స్ తొమ్మిదే ఉన్నాయి. చివర్లో నిలబడింది టెడ్. ఈ పిల్లాడు ఇక్కడేం చేస్తున్నాడు అని రూజ్‌వెల్ట్ అందరిముందూ గట్టిగా అడిగాడు. స్కౌట్ మాస్టర్ తప్పు జరిగిందని చెప్పకుండా పిల్లాణ్ణి పక్కకి లాగేశాడు. ఆ రోజు తర్వాత జనం ముందు నిలబడి మాట్లాడాలంటే ఆయనకి జీవితాంతం భయమే.

ఇప్పుడు రెండో సగం. 1941 నుంచి 1943 దాకా ఆయన న్యూయార్క్‌లో పీఎం అనే పేపర్‌కి రాజకీయ కార్టూన్లు గీశాడు. హిట్లర్ మీద, యూదుల్ని ద్వేషించేవాళ్ల మీద, నల్లవాళ్లకి ఉద్యోగాలివ్వని కంపెనీల మీద చాలా గట్టిగా గీశాడు. అదే మనిషి, అదే పేపర్లో, అమెరికాకి జపాన్‌తో యుద్ధం నడుస్తున్న 1942 ఫిబ్రవరిలో, పశ్చిమ తీరంలో ఉన్న జపనీస్ అమెరికన్లంతా లైన్లో నిలబడి బాంబులు తీసుకుంటున్నట్టు కార్టూన్ వేశాడు. అది అచ్చయిన వారం లోపే వాళ్లని నిర్బంధ క్యాంపులకి తోలే ఆర్డరు మీద ప్రెసిడెంట్ సంతకం పడింది. దాదాపు లక్షా ఇరవై వేల మంది, అందులో ఎక్కువమంది పుట్టింది ఇక్కడే. మీ పాప ప్రశ్నే మళ్లీ. బొగ్గు ముక్క తగిలిన పిల్లాడు పెద్దయ్యాక అదే బొగ్గు ముక్క ఇంకొకళ్ల మీదకి విసిరాడు.

తర్వాత 1953లో జపాన్ వెళ్లొచ్చాడు, 1954లో ఏనుగు పుస్తకం వచ్చింది, అదేనండీ హోర్టన్ హియర్స్ ఎ హూ, ఎవరికీ కనపడని చిన్న ప్రాణుల్ని కాపాడే ఏనుగు. దాన్ని క్యోటోలో కలిసిన ఒక జపాన్ ప్రొఫెసర్‌కి అంకితమిచ్చాడు. అది ఆయన చెప్పుకున్న క్షమాపణ అని చాలామంది అంటారు. నోరు తెరిచి క్షమించమని అడిగి ఉంటే బాగుండేది, నా మటుకు నాకు ఒక్క అంకితంతో సరిపోలేదు. కానీ ఆ దారి మొత్తం తెలిస్తేనే ఆ పుస్తకం బరువు తెలుస్తుంది. ఇంతా ఏడేళ్ల పిల్లకి చెప్పమనట్లేదు. బొగ్గు ముక్కల దగ్గర మాత్రం తప్పకుండా ఆగండి.

బడిగంట

గుంటూరు జిల్లాలో ప్రైమరీ టీచర్ని. రోజూ పిల్లలకి బొమ్మల పుస్తకాలు చదువుతాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

కథ_కంచికి గారు చెప్పిన ప్రతి మాటా ఒప్పుకుంటాను, కానీ పుస్తకం 22 దగ్గర ఆగిపోవడం తప్పు అనుకోను. గొప్పవాళ్ల జీవితం పిల్లలకి చెప్పేటప్పుడు మనం చేసే పొరపాటు ఏంటంటే మొదటి పేజీలోనే ఈయన గొప్ప రచయిత అని చెప్పేస్తాం, ఇక తర్వాత ప్రతి సంగతీ ఆ గొప్పతనానికి ఉరుకుతున్నట్టే ఉంటుంది. మన పాఠాల్లో చూడండి, జననం, తల్లిదండ్రులు, విద్య, రచనలు, బిరుదులు, మరణం. పిల్ల ఎక్కడా ఆ అబ్బాయిని కలవదు. ఇక్కడ అలా కాదు, టెడ్ అనే పిల్లాడు ఉన్నాడు, వాడు ఏమవుతాడో వాడికీ తెలీదు. హైస్కూల్లో డ్రాయింగ్ క్లాసులో బొమ్మ ఎలా కుదిరిందో చూద్దామని కాగితం తలకిందులు చేశాడు, టీచర్ అలా చేయకూడదు రూలు ఒప్పుకోదు అన్నారు, ఇక ఆ క్లాసుకే వెళ్లలేదు. ఆయన జీవితంలో డ్రాయింగ్ క్లాసు అంటే దాదాపు అదొక్కటే. కాగితం తిప్పి చూస్తే వంకర ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది, బొమ్మలు వేసేవాళ్లు ఇప్పటికీ చేసే పనే. మా క్లాసులో ఈ సంగతి చెప్పాక పిల్లలు స్లేటు తిప్పి తిప్పి చూసుకున్నారు. మీ పాపకి ఇది రెండో సంగతి, స్టేజి మీద నిజంగానే ఒక కాగితం తలకిందులు చేసి చూపించొచ్చు.

మామ్మగారు చెప్పిన పైల పాట విషయంలో ఒక పని చేయండి. మీ అమ్మగారు ఉన్నారు కదా, పాపని నిద్రపుచ్చేటప్పుడు పిండివంటల పేర్లు ఒక లయలో చెప్పమనండి, అరిసెలు బూరెలు గారెలు, సున్నుండలు జంతికలు పూతరేకులు. రెండు రాత్రుల్లో పాప నోటికొచ్చేస్తుంది. అప్పుడు ఆ అబ్బాయికి మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తనకి ఒంట్లోనే తెలుస్తుంది, మనం వివరించక్కర్లేదు. కాళ్లా గజ్జా కంకాళమ్మ ఎవరూ అర్థం చెప్పి నేర్పలేదు కదా మనకి.

ఒక కోరిక కూడా రాసుకుంటాను. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు, 1945లోనే పిల్లల కోసం బాల పత్రిక పెట్టినవాళ్లు, అలాంటివాళ్ల చిన్నతనం మీద పేజీకి నాలుగు లైన్లు, పేజీ నిండా బొమ్మ ఉన్న పుస్తకం నా క్లాసులో పెట్టుకోవాలని ఎన్నాళ్లుగానో ఉంది. కొడవటిగంటి కుటుంబరావు గారి తెనాలి, ముళ్లపూడి వెంకటరమణ గారి ధవళేశ్వరం, ఎన్ని బొమ్మలుంటాయి వాటిలో. మీరు రాజమండ్రి వాళ్లు, ధవళేశ్వరం మీకు పక్కనే.

అక్షరాల_అరుగు

ఒక్క చిన్న మాట. రూజ్‌వెల్ట్ మెడల్ కథ, డ్రాయింగ్ టీచర్ కథ, ఇవన్నీ ఎక్కువగా ఆయన పెద్దయ్యాక తన నోటితో చెప్పుకున్నవి. ఆయన చెప్పిన కథకి కాస్త రంగు పూసి చెప్పే మనిషి. మొదటి పుస్తకాన్ని 27 మంది పబ్లిషర్లు వెనక్కి పంపారు అంటారు కదా, ఆ నంబరు కూడా ఆయనే ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవారు. అబద్ధం అనట్లేదు, పాప "ఆయన ఇలా చెప్పేవారు" అని మొదలుపెడితే బాగుంటుంది, ఆ అలవాటు ఏడేళ్లకే రావడం మంచిది.

పేరు గురించి కూడా. సూస్ అనేది జర్మన్‌లో జోయిస్ లాగా పలుకుతారు, వాళ్లింట్లో అలాగే. డార్ట్‌మత్ కాలేజీలో ఉన్నప్పుడు గదిలో మందు తాగుతూ దొరికి కాలేజీ పత్రిక ఎడిటర్ పని పోయింది, అయినా రాయడం మానలేదు, పేరు మార్చి సూస్ అని వేసుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ వెళ్లి చదువు పూర్తి చేయకుండానే వచ్చేశారు. అక్కడ హెలెన్ అనే తోటి విద్యార్థిని ఆయన నోట్సు మార్జిన్లలో బొమ్మలు చూసి నువ్వు ప్రొఫెసర్ అవ్వడం ఏంటి, గియ్యి అంది, తర్వాత పెళ్లి చేసుకున్నారు. వాళ్ల నాన్నకి మాత్రం కొడుకు డాక్టరేట్ తెచ్చుకోవాలని ఉండేది, పేరు ముందు డాక్టర్ అని తగిలించుకోవడం దాంతోనే. ఇవి పాపకి కాదు, మీకు.

రాజమండ్రి_జెర్సీ

అందరికీ చాలా చాలా థాంక్స్. మూడు రోజులు ఇక్కడికి రాలేకపోయా, రాత్రిళ్లు ఇదే పని.

కథ_కంచికి గారు, మీ పోస్టు మొదట చదివినప్పుడు కొంచెం భయపడ్డా, జపనీస్ వాళ్ల సంగతి నాకు అస్సలు తెలీదు. అది పాపకి ఇప్పుడే చెప్పలేదు. బొగ్గు ముక్కల దగ్గర మాత్రం ఆగాం. నేనేదో చెప్పబోయేలోపు అమ్మే అందుకుంది, వీళ్లు కాదు వేరేవాళ్లు అనుకుంటే మనుషులు అలాగే విసురుతారు తల్లీ, ఎక్కడ పుట్టారో అడగరు అని. పాప కాసేపు ఊరుకుని, బస్సులో ఒక అబ్బాయి తన లంచ్ బాక్స్ వాసన గురించి ఏమన్నాడో అప్పుడు చెప్పింది. నవంబర్‌లో జరిగిందట. నాకు ఇప్పటిదాకా తెలీదు. స్కూల్‌తో మాట్లాడతాను, అది వేరే విషయం, కానీ ఆ పేజీ దాటేసి ఉంటే ఆ మాట బయటికి వచ్చేది కాదు.

మూడు సంగతులు తనే తేల్చుకుంది. అమ్మ పైల పాట, తలకిందుల కాగితం, బొగ్గు ముక్కలు. మెడల్ కథ నేనే పెట్టుకోమన్నా, వద్దంది, స్టేజి మీద నిలబడి స్టేజి భయం గురించి చెప్తే నాకూ వచ్చేస్తుంది అంది. బీరు గురించి ఒక్క లైనుంది, మా నాన్న ఫ్యాక్టరీ మూతపడింది, తర్వాత మా నాన్న జూ చూసుకున్నారు అని. తమ్ముడూ, ఎన్టీఆర్ పేరు చెప్పగానే అమ్మ అరగంట ఆ రోజుల గురించే చెప్పింది.

పిండివంటలు అయితే ఇంకా పెద్దవయ్యాయి, బడిగంట గారు. అమ్మ తాపేశ్వరం మడతకాజా, ఆత్రేయపురం పూతరేకులు ఊళ్లతో సహా కలిపేసింది. పాప దాన్ని పైల పేర్లతో కలిపి పాడుతోంది. ఆ ధవళేశ్వరం మాట కూడా అమ్మ పట్టుకుంది, వాళ్ల చిన్నప్పటి గోదావరి గట్టు గురించి చెప్తోంది, నేను ఫోన్లో రికార్డ్ చేసి పెడుతున్నా.

శుక్రవారం ప్రోగ్రాం. టోపీ కొనలేదు, బో టై, గుడ్డ కుక్క అంతే. ఒక్క డౌటు మిగిలింది మామ్మగారూ, పాప జోయిస్ అనే అంటానంటోంది, టీచర్ తప్పనుకుని దిద్దుతారేమో?

మసాచుసెట్స్_మామ్మ

అననీ తల్లీ. దిద్దితే మా అమ్మ పుట్టింట్లో ఇలాగే పిలుస్తారండి అని చెప్పమను. శుక్రవారం అయ్యాక ఎలా జరిగిందో రాయడం మర్చిపోకు, మా మనవలు కూడా అడుగుతున్నారు.